క్లౌడ్ నిల్వ ధరలు

క్లౌడ్ నిల్వ ధరలు అనగా వాడుకరులు తమ ఫైళ్ళను సొంత కంప్యూటరులో గాక, అంతర్జాలం ద్వారా మరొక సంస్థ సర్వర్లలో దాచుకొనుటకు చెల్లించే రుసుములు. ఇది ఒక విధమైన అద్దె. చెల్లింపు జరుగుచున్నంత కాలమే స్థలము వాడుకరి ఆధీనంలో ఉంటుంది. ధరను సాధారణంగా ఒక గిగాబైటుకు ఒక నెలకు ఇంత అని లెక్కిస్తారు. 2006 తరువాత గిగాబైటు ధర బాగా తగ్గినది. అయితే సామాన్య వాడుకరి నెలకు చెల్లించే మొత్తము అదే స్థాయిలో తగ్గలేదు. ఈ తేడాయే ఈ సేవలు ఎవరికి అందుబాటులో ఉన్నవి, ఎవరికి లేవు అనే ప్రశ్నకు మూలము.

ధర నిర్ణయ విధానాలు

క్లౌడ్ నిల్వను ప్రధానంగా రెండు పద్ధతులలో అమ్ముతారు.

- కోటా పద్ధతి: వ్యక్తులకు, కుటుంబాలకు ఉద్దేశించినది. 100 గిగాబైట్లు, 200 గిగాబైట్లు, 2 టెరాబైట్లు వంటి మెట్లు ఉంటాయి. మెట్టులో ఎంత భాగం వాడినా నెలసరి రుసుము మారదు. గూగుల్ వన్, ఐక్లౌడ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ ఈ పద్ధతిని పాటిస్తాయి.
- వాడకం పద్ధతి: సంస్థలకు, సాఫ్ట్‌వేర్ నిర్మాతలకు ఉద్దేశించినది. విద్యుత్ మీటరు వలె ఎంత వాడితే అంత బిల్లు వస్తుంది. నిల్వకు, ఫైళ్ళను అడిగిన ప్రతి విన్నపానికి, బయటకు పంపిన సమాచారానికి వేర్వేరు ధరలుంటాయి. అమెజాన్ ఎస్3, గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఈ కోవకు చెందినవి.

కోటా పద్ధతిలో బిల్లు ముందే తెలుస్తుంది. కాని 20 గిగాబైట్లు మాత్రమే అవసరమైన వ్యక్తి కూడా 100 గిగాబైట్ల మెట్టును కొనవలసి వస్తుంది. వాడకం పద్ధతిలో వృథా తక్కువ, కాని నెలాఖరున ఎంత బిల్లు వస్తుందో అంచనా వేయుట కష్టము.

ఖర్చులోని భాగాలు

సేవాసంస్థకు అయ్యే ఖర్చులో హార్డ్ డిస్కులు ఒక భాగము మాత్రమే. విద్యుత్తు, యంత్రాలను చల్లబరచుట, భవనాలు, సిబ్బంది, నెట్‌వర్కు మిగిలిన భాగాలు. డిస్కులు కొన్ని సంవత్సరాలకు పాడవుతాయి కనుక వాటిని మార్చుచుండవలెను.

ఒక ఫైలును ఒకే డిస్కులో ఉంచిన యెడల ఆ డిస్కు పాడైతే ఫైలు పోతుంది. అందువలన ప్రతి ఫైలుకు అదనపు స్థలము కేటాయిస్తారు. మూడు ప్రతులు ఉంచే పద్ధతిలో 1 టెరాబైటు సమాచారానికి 3 టెరాబైట్ల డిస్కు అవసరము. దీనికంటే పొదుపైన పద్ధతిలో ఫైలును ముక్కలుగా విడదీసి, వాటి నుండి గణితపరంగా లెక్కించిన కొన్ని అదనపు ముక్కలను చేర్చుతారు. అమెరికాకు చెందిన బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2015లో వెల్లడించిన పద్ధతిలో 17 ముక్కలకు 3 అదనపు ముక్కలు చేర్చి, మొత్తం 20 ముక్కలను 20 వేర్వేరు యంత్రాలలో ఉంచుతారు. వీటిలో ఏ మూడు పోయినా ఫైలును తిరిగి నిర్మించవచ్చును. ఈ పద్ధతిలో 1 టెరాబైటుకు సుమారు 1.18 టెరాబైట్ల డిస్కు సరిపోతుంది.

కోటా పద్ధతిలో సంస్థలకు మరొక వెసులుబాటు ఉన్నది. 2 టెరాబైట్లు కొన్నవారిలో చాలామంది ఆ స్థలమును పూర్తిగా నింపరు. అమ్మిన స్థలమంతటికీ డిస్కులు కొనవలసిన అవసరము లేదు. తక్కువ వాడేవారి చెల్లింపు ఎక్కువ వాడేవారి ఖర్చును భరిస్తుందన్న మాట.

బ్యాక్‌బ్లేజ్ ప్రచురించిన లెక్కల ప్రకారం ఆ సంస్థ కొన్న డిస్కుల ధర 2009లో గిగాబైటుకు సుమారు 11 సెంట్లు ఉండగా, 2022 నాటికి సుమారు 1.4 సెంట్లకు తగ్గినది. ఈ తగ్గుదల నిరాటంకంగా సాగలేదు. 2011లో థాయిలాండ్ వరదలలో డిస్కుల కర్మాగారాలు మునిగిపోయినపుడు ప్రపంచవ్యాప్తంగా ధరలు ఒక్కసారిగా పెరిగినవి.

చరిత్ర

తొలి దశ

నిల్వను అద్దెకిచ్చుట కొత్త విషయము కాదు. 1956లో ఐబీఎం సంస్థ తయారుచేసిన 305 రామక్ కంప్యూటరు సుమారు 50 లక్షల అక్షరాలను డిస్కులో దాచగలిగేది. దాని నెలసరి అద్దె 3,200 డాలర్లు.

అంతర్జాలంలో ఫైళ్ళు దాచే సేవలు 1999 ప్రాంతంలో మొదలైనవి. యాహూ బ్రీఫ్‌కేస్, ఎక్స్‌డ్రైవ్ వీటిలో ముఖ్యమైనవి. ఈ రెండూ 2009లో మూతపడినవి. ఆపిల్ సంస్థ 2000లో 20 మెగాబైట్ల ఐడిస్కును ఉచితంగా ఇచ్చి, 2002లో దానిని సంవత్సరానికి 99.95 డాలర్ల డాట్ మ్యాక్ సేవలో భాగం చేసినది. ఉచితంగా ఇచ్చి అలవాటు చేసి, పిదప ధర పెట్టుట అప్పటినుండే ఉన్నది. 2004 ఏప్రిల్ 1న గూగుల్ తన జీమెయిల్‌తో 1 గిగాబైటు ఉచితంగా ఇచ్చుటతో వాడుకరుల అంచనాలు మారిపోయినవి.

అమెజాన్ ఎస్3 మరియు డ్రాప్‌బాక్స్

2006 మార్చి 14న అమెజాన్ సంస్థ ఎస్3 సేవను ప్రారంభించినది. నెలకు గిగాబైటుకు 15 సెంట్లు, బదిలీకి గిగాబైటుకు 20 సెంట్లు ధర నిర్ణయించినది. కనీస రుసుము లేదు. సొంత సర్వర్లు కొనలేని చిన్న సంస్థలు కూడా పెద్ద సేవలు నిర్మించుటకు ఇది వీలు కల్పించినది.

అటువంటి సంస్థలలో డ్రాప్‌బాక్స్ ఒకటి. దీనిని 2007లో డ్రూ హ్యూస్టన్, అరాష్ ఫెర్దోసీ స్థాపించారు. 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చినపుడు 2 గిగాబైట్లు ఉచితము, 50 గిగాబైట్లు నెలకు 9.99 డాలర్లు. ఆ తరువాత దాని ధరల క్రమము ఇట్లున్నది:

- 2008: 9.99 డాలర్లకు 50 గిగాబైట్లు (గిగాబైటుకు సుమారు 20 సెంట్లు)
- 2012: 9.99 డాలర్లకు 100 గిగాబైట్లు (సుమారు 10 సెంట్లు)
- 2014: 9.99 డాలర్లకు 1 టెరాబైటు (సుమారు 1 సెంటు)
- 2019: 11.99 డాలర్లకు 2 టెరాబైట్లు (సుమారు 0.6 సెంటు)

గిగాబైటు ధర పదకొండేళ్ళలో ముప్పై రెట్లకు పైగా తగ్గినను, వాడుకరి నెలసరి బిల్లు తగ్గకపోగా 2 డాలర్లు పెరిగినది. తగ్గిన ఖర్చు వాడుకరికి స్థల రూపంలో చేరినదే గాని నగదు రూపంలో చేరలేదు. ఎక్కువ స్థలము అక్కరలేనివారికి ఈ తగ్గుదల వలన ప్రయోజనము స్వల్పము. డ్రాప్‌బాక్స్ తన ఫైళ్ళలో అధికభాగమును అమెజాన్ నుండి సొంత డేటా కేంద్రాలకు మార్చుకొని, రెండేళ్ళలో సుమారు 7.5 కోట్ల డాలర్లు ఆదా చేసినట్లు 2018లో తన వాటాల విక్రయ పత్రాలలో తెలిపినది.

ధరల పోటీ

గూగుల్ 2009 నవంబరులో సంవత్సరానికి కేవలం 5 డాలర్లకు 20 గిగాబైట్లు ఇచ్చింది. 2012 ఏప్రిల్ 24న గూగుల్ డ్రైవ్ వచ్చినపుడు ఆ పథకము కొత్తవారికి నిలిచిపోయి, 25 గిగాబైట్లకు నెలకు 2.49 డాలర్లు అయినది. అనగా సంవత్సరానికి సుమారు 30 డాలర్లు. ధరలు ఎల్లప్పుడు తగ్గుచునే ఉంటాయన్న అభిప్రాయము సరికాదనుటకు ఇది ఒక ఉదాహరణ.

2014 మార్చిలో గూగుల్ 100 గిగాబైట్ల ధరను 4.99 నుండి 1.99 డాలర్లకు, 1 టెరాబైటు ధరను 49.99 నుండి 9.99 డాలర్లకు తగ్గించినది. అదే నెలలో అమెజాన్ ఎస్3 ధరను గిగాబైటుకు 3 సెంట్లకు తగ్గించుచున్నట్లు ప్రకటించినది. ఎస్3 ధర 2016 డిసెంబరులో అమెరికాలో 2.3 సెంట్లకు చేరినది. సాధారణ తరగతి నిల్వకు ఆ తరువాత చాలా సంవత్సరాలు అదే ధర కొనసాగినది. 2022 అక్టోబరు నుండి గూగుల్ క్లౌడ్ స్టోరేజ్ కొన్ని ధరలను పెంచినది కూడా.

అపరిమిత నిల్వ పథకాలు

ఒకే ధరకు ఎంతైనా దాచుకోవచ్చునని పలు సంస్థలు ప్రకటించినవి. వీటిలో అధికభాగము నిలువలేదు.

- మైక్రోసాఫ్ట్ 2014 అక్టోబరులో ఆఫీస్ 365 చందాదారులకు అపరిమిత వన్‌డ్రైవ్ ప్రకటించి, 2015 నవంబరులో దానిని 1 టెరాబైటుకు కుదించినది. కొందరు 75 టెరాబైట్లకు పైగా దాచారని కారణము చెప్పినది. ఉచిత కోటాను కూడా 15 నుండి 5 గిగాబైట్లకు తగ్గించినది.
- అమెజాన్ 2015లో సంవత్సరానికి 59.99 డాలర్లకు అపరిమిత డ్రైవ్ ఇచ్చి, 2017 జూన్‌లో ఆపివేసినది. అదే మొత్తానికి 1 టెరాబైటు మాత్రమే ఇచ్చినది. 2023 డిసెంబరు 31న అమెజాన్ డ్రైవ్ పూర్తిగా మూతపడినది.
- గూగుల్ ఫోటోస్ 2015 మే నుండి కొంత కుదించిన నాణ్యతతో ఛాయాచిత్రాలను అపరిమితంగా, ఉచితంగా ఉంచినది. 2021 జూన్ 1 తరువాత చేర్చినవన్నీ 15 గిగాబైట్ల కోటాలో లెక్కకు వస్తున్నవి. ఈ మార్పు ప్రకటించే నాటికి ఆ సేవలో 4 లక్షల కోట్లకు పైగా చిత్రాలున్నవి.
- గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత నిల్వను 2021లో ప్రకటించిన మార్పుతో ఒక్కొక్క సంస్థకు 100 టెరాబైట్ల ఉమ్మడి కోటాకు పరిమితం చేసినది.
- డ్రాప్‌బాక్స్ తన వ్యాపార పథకంలోని అపరిమిత నిల్వను 2023 ఆగస్టులో ఆపినది. చియా వంటి క్రిప్టోకరెన్సీల కొరకు, స్థలమును తిరిగి అమ్ముకొనుట కొరకు కొందరు వాడుచున్నారని తెలిపినది.

ఈ పథకాలన్నిటిలో ఒక పోలిక ఉన్నది. పథకము ఆగిపోయే నాటికి వాడుకరుల ఫైళ్ళు అక్కడే పేరుకొని ఉంటాయి. వాటిని వేరొక చోటికి మార్చుట కంటే అడిగిన రుసుము చెల్లించుట సులభమనిపిస్తుంది.

బయటకు తీసే రుసుము

వాడకం పద్ధతిలో సమాచారమును లోపలికి పంపుటకు సాధారణంగా రుసుము లేదు. బయటకు తీయుటకు ఉన్నది. అమెరికాలో ఎస్3 నుండి నెలకు మొదటి 100 గిగాబైట్లు ఉచితము, ఆ పైన గిగాబైటుకు 9 సెంట్లు. దీని ప్రకారం 1 టెరాబైటును ఒక నెల ఉంచుటకు 23 డాలర్లు, దానినంతటినీ ఒకసారి బయటకు తీయుటకు సుమారు 81 డాలర్లు అవుతుంది. మూడున్నర నెలల అద్దె కంటే ఖాళీ చేయుటకే ఎక్కువన్న మాట.

పాత దస్త్రాలకు ఉద్దేశించిన చౌక తరగతులలో ఈ తేడా మరింత ఎక్కువ. 2019లో వచ్చిన గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో 1 టెరాబైటు నెలకు సుమారు 1 డాలరు మాత్రమే. కాని ఫైలు చేతికి రావడానికి గంటల సమయము పడుతుంది, వెలికితీతకు వేరే రుసుము ఉన్నది, 180 రోజుల లోపు తొలగించినా ఆ కాలానికి అద్దె చెల్లించవలెను.

ఈ రుసుములపై విమర్శల నేపథ్యంలో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2022లో బయటకు తీసే రుసుము లేని ఆర్2 సేవను, నెలకు గిగాబైటుకు 1.5 సెంట్ల ధరతో పూర్తిస్థాయిలో ప్రారంభించినది. ఐరోపా సమాఖ్య డేటా చట్టము 2025 సెప్టెంబరు 12 నుండి వర్తించుచున్నది. దాని ప్రకారం ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మారుటకు విధించే రుసుములు 2027 జనవరి 12 నుండి పూర్తిగా నిషిద్ధము. 2024 మొదటి మూడు నెలలలో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమ సేవను వదలి వెళ్ళేవారికి ఈ రుసుమును మినహాయించుచున్నట్లు ప్రకటించినవి. రోజువారీ వాడకానికి ఈ మినహాయింపు వర్తించదు.

కోటా నిండినపుడు

గూగుల్ ఖాతాలో 15 గిగాబైట్ల ఉచిత స్థలము జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ ఉమ్మడిది. చిత్రాలతో కోటా నిండితే ఉత్తరాలు కూడా ఆగిపోతాయి. ఉద్యోగ పిలుపులకు, బ్యాంకు సందేశాలకు అదే చిరునామాను వాడేవారికి ఇది పెద్ద ఇబ్బంది. రెండేళ్ళపాటు కోటాను మించి ఉన్న ఖాతాలోని సమాచారమును తొలగించే అవకాశమున్నదని సంస్థ నియమాలు చెప్పుచున్నవి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ సంభాషణల నకళ్ళు 2018 నుండి కోటాలో లెక్కకు వచ్చేవి కావు. 2023 నవంబరులో ప్రకటించిన మార్పుతో అవి కూడా లెక్కలో చేరినవి.

ఆపిల్ ఐక్లౌడ్ ఉచిత కోటా 2011లో ప్రారంభమైన నాటినుండి 5 గిగాబైట్లే. ఈ కాలంలో ఫోన్ల నిల్వ, కెమెరాల నాణ్యత అనేక రెట్లు పెరిగినవి. ఐఫోన్ వాడుకరులను ఐక్లౌడ్‌కే కట్టివేసి అధిక ధర వసూలు చేయుచున్నదని ఆరోపించుచు, బ్రిటన్ వినియోగదారుల సంఘము విచ్? 2024 నవంబరులో సుమారు 4 కోట్లమంది వాడుకరుల తరపున దావా వేసినది. ఆపిల్ ఈ ఆరోపణను ఖండించినది.

సంస్థ మూతపడుట

ధర చెల్లించినంత మాత్రాన ఫైళ్ళకు శాశ్వత రక్షణ లభించదు. వ్యాపార సంస్థలకు నిల్వ సేవ అందించిన నిర్వానిక్స్ 2013 సెప్టెంబరులో మూతపడుచు, ఫైళ్ళను తరలించుకొనుటకు మొదట రెండు వారాల గడువు మాత్రమే ఇచ్చినది. 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వము మెగాఅప్‌లోడ్‌ను మూసివేసినపుడు, చట్టబద్ధమైన సొంత ఫైళ్ళు దాచుకొన్నవారు కూడా వాటిని కోల్పోయారు.

భారతదేశంలో

భారతదేశంలో 2020 దశకపు తొలి సంవత్సరాలలో ప్రధాన పథకాల నెలసరి ధరలు ఇట్లుండెను:

- గూగుల్ వన్: 100 గిగాబైట్లు 130 రూపాయలు, 200 గిగాబైట్లు 210 రూపాయలు, 2 టెరాబైట్లు 650 రూపాయలు. ఒకేసారి సంవత్సరానికి చెల్లిస్తే పది నెలల మొత్తము సరిపోతుంది.
- ఐక్లౌడ్: 50 గిగాబైట్లు 75 రూపాయలు, 200 గిగాబైట్లు 219 రూపాయలు, 2 టెరాబైట్లు 749 రూపాయలు.

తరువాత గూగుల్ 30 గిగాబైట్లకు 59 రూపాయల చిన్న మెట్టును కూడా ప్రవేశపెట్టినది.

డాలర్లలో చూచిన యెడల 130 రూపాయలు అమెరికా ధర 1.99 డాలర్ల కంటే కొంత తక్కువ. ఆదాయంతో పోల్చిన యెడల చిత్రము తారుమారవుతుంది. 2022-23 అంచనాల ప్రకారం భారత తలసరి జాతీయాదాయము సంవత్సరానికి సుమారు 1,72,000 రూపాయలు, అనగా నెలకు సుమారు 14,300 రూపాయలు. అందులో 130 రూపాయలు 0.9 శాతము. అమెరికాలో తలసరి ఆదాయము 75,000 డాలర్లకు పైన కనుక 1.99 డాలర్లు నెలసరి ఆదాయంలో 0.03 శాతము మాత్రమే. అదే స్థలానికి భారతీయుడు తన ఆదాయంలో సుమారు ముప్పై రెట్లు ఎక్కువ భాగము వెచ్చించుచున్నాడన్న మాట.

నిల్వ రుసుముకు తోడు అంతర్జాల ఖర్చు ఉన్నది. 2016లో రిలయన్స్ జియో రాకతో మొబైల్ డేటా చౌకైనది. అయినను రోజుకు 1.5 గిగాబైట్ల పరిమితి గల పథకంలో 100 గిగాబైట్లు పంపుటకు, వేరే ఏ పనికీ వాడకపోయినా 67 రోజులు పడుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో పంపగల ఇంటి కనెక్షనుపై ఇదే పని సుమారు 22 గంటలలో పూర్తవుతుంది.

చెల్లింపు విధానము మరొక అడ్డంకి. భారతీయ రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2021 అక్టోబరు 1 నుండి కార్డులపై నెలనెలా జరిగే చెల్లింపులకు ముందస్తు సమాచారము, అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయినవి. వాడుకరికి తెలియకుండా డబ్బు కోతపడకుండా ఈ నియమము రక్షణ కల్పిస్తుంది. 2022లో ఆపిల్ భారతదేశంలో చందాలకు కార్డులను స్వీకరించుట ఆపి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ వంటి మార్గాలకు పరిమితమైనది.

భారత ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకర్ పౌరులకు 1 గిగాబైటు ఉచితంగా ఇస్తుంది. ప్రభుత్వ సంస్థలు అందులో జారీచేసిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చట్టబద్ధత ఉన్నది. ఇది ధ్రువపత్రాలకు చాలును గాని ఛాయాచిత్రాలకు, వీడియోలకు చాలదు. జియో 2024 ఆగస్టులో 100 గిగాబైట్ల వరకు ఉచిత నిల్వను ప్రకటించినది. ఎయిర్‌టెల్ 2025 మేలో తన పోస్ట్‌పెయిడ్, వైఫై వినియోగదారులకు ఆరు నెలలపాటు గూగుల్ వన్ 100 గిగాబైట్లు ఉచితంగా ఇచ్చినది. గడువు తరువాత నెలకు 125 రూపాయలు.

తెలుగు రాష్ట్రాలు

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన రెండవ భారతీయ క్లౌడ్ ప్రాంతమును ప్రారంభించినది. మొదటిది 2016లో ముంబైలో ఏర్పడినది. మైక్రోసాఫ్ట్ 2022లో హైదరాబాదులో, గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో భారీ డేటా కేంద్రాలను ప్రకటించినవి. కేంద్రము దగ్గరలో ఉన్నందువలన ఫైళ్ళు త్వరగా చేరుతాయి, సమాచారము దేశంలోనే ఉంటుంది. కాని ధర తగ్గవలెనన్న నియమము లేదు. ముంబైలో ఎస్3 నెలకు గిగాబైటుకు 2.5 సెంట్లు, బయటకు తీయుటకు సుమారు 10.9 సెంట్లు. ఈ రెండూ అమెరికా ధరల కంటే ఎక్కువే.

గూగుల్ వన్ పథకమును ఒకరు కొని మరి ఐదుగురు కుటుంబ సభ్యులతో పంచుకోవచ్చును. అయితే కుటుంబ బృందంలోని వారందరు ఒకే దేశంలో నివసించవలెనన్న నిబంధన ఉన్నది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఆంధ్ర, తెలంగాణలలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ సౌకర్యము ఉపయోగపడదు.

సొంత డిస్కుతో పోలిక

బాహ్య హార్డ్ డిస్కును ఒకసారి కొంటే నెలసరి అద్దె లేదు. 2 టెరాబైట్లకు నెలకు 650 రూపాయల చొప్పున ఐదేళ్ళలో 39,000 రూపాయలు, వార్షిక చెల్లింపు అయితే 32,500 రూపాయలు అవుతుంది. అదే పరిమాణము గల డిస్కు ఇందులో చిన్న భాగానికే లభిస్తుంది. కాని ఒకే డిస్కు పాడైనా, దొంగిలింపబడినా, ఇంట్లోకి వరద నీరు వచ్చినా ఫైళ్ళు పోతాయి. అందువలన మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి ఇంటి బయట అనే 3-2-1 సూత్రమును నిపుణులు సూచిస్తారు. పెద్ద వీడియోలను రెండు డిస్కులలో ఉంచి, తిరిగి సంపాదించలేని పత్రాలను, ముఖ్యమైన చిత్రాలను మాత్రమే క్లౌడ్‌లో ఉంచినచో చిన్న మెట్టు సరిపోవచ్చును.

ఇవి కూడా చూడండి

- క్లౌడ్ కంప్యూటింగ్
- హార్డ్ డిస్కు
- డేటా కేంద్రము
- డిజిలాకర్
- గూగుల్ డ్రైవ్
- డ్రాప్‌బాక్స్